తిరుపతి నుంచి ఇరకం దీవికి: పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలంటే

పడవెక్కి దీవికి వెళ్దాం అనగానే మన తిరుపతి వాళ్లకు అండమానో, రామేశ్వరమో గుర్తొస్తుంది. అంత దూరం అక్కర్లేదు. తడ దగ్గర, పులికాట్ సరస్సు మధ్యలో ఇరకం అని ఒక దీవి ఉంది. మనుషులు కాపురం ఉండే దీవి, వాళ్లు సంతకైనా ఆసుపత్రికైనా పడవ మీదే వచ్చి పోతుంటారు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్లూరుపేట, తడ నెల్లూరు నుంచి మన జిల్లాలోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడిది మన జిల్లా దీవే. తెల్లవారుజామున బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. అయితే ఒక లెక్క ప్రకారం వెళ్లాలి, ఆ లెక్క చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందుగా తెలుసుకోవాల్సింది తిరిగొచ్చే పడవ ఎన్ని గంటలకు అనేది. వెళ్లే పడవ సంగతి తర్వాత. మేం మొదటిసారి వెళ్లింది ఏప్రిల్‌లో, అమ్మ, మా అక్క, ఇద్దరు పిల్లలు, నేను. పడవాయన మూడింటికల్లా రేవు దగ్గరుండమని స్పష్టంగా చెప్పాడు. మేం అన్నం తిని, పిల్లలు ఆడుకుంటున్నారు కదా అని కూర్చుని, లేచి నడిచొచ్చేసరికి నాలుగున్నర. ఆ పడవ వెళ్లిపోయింది. ఇంకో పడవ దొరికేసరికి చీకటి పడబోతోంది, వేసవి కాబట్టి నీళ్లు తక్కువ, దారి మధ్యలో ఇంజన్ ఆపేసి గెడతో నెట్టుకుంటూ వచ్చారు. అమ్మ చిన్నోణ్ణి ఒళ్లో గట్టిగా పట్టుకుని ఆ చీకట్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అందరం క్షేమంగానే ఒడ్డుకు చేరాం, కానీ ఆ రోజు నుంచి ఎప్పుడు వెళ్లినా నేను రోజును వెనక నుంచి లెక్కేస్తాను.

మీరూ అలాగే వేసుకోండి. జనవరిలో మన వైపు ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. కాబట్టి నాలుగు దాటకుండా తిరుగు పడవ ఎక్కేయాలి, అంటే మూడున్నరకు రేవులో ఉండాలి, అంటే రెండున్నరకే సర్దుకోవడం మొదలుపెట్టాలి, ముసలివాళ్లు, పిల్లలు ఉంటే ఇంకో అరగంట ముందే. దీవిలో మూడు, నాలుగు గంటలు తీరిగ్గా గడపాలంటే పదిన్నరలోపు అక్కడ దిగాలి. అందుకు తొమ్మిది, తొమ్మిదింపావుకు తడ వైపు రేవులో ఉండాలి. తిరుపతి నుంచి సుమారు 100 కిలోమీటర్ల దారి, మధ్యలో టిఫిన్ కూడా కలుపుకుంటే ఐదున్నరకు ఇల్లు కదలాలి. చిత్తూరు వాళ్లకు ఇంకో 70 కిలోమీటర్లు ఎక్కువ, వాళ్లు నాలుగింటికే బయల్దేరాలి, లేదా ముందు రాత్రి తిరుపతిలో చుట్టాలింట్లో పడుకుంటే మంచిది.

ఏ నెలలో వెళ్లాలి

జనవరి, ఫిబ్రవరి, ఎక్కువలో ఎక్కువ మార్చి మొదటి సగం. దీనికి కారణం ఉంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు పడతాయి. తుపాన్లూ ఎక్కువగా ఆ నెలల్లోనే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు సూళ్లూరుపేట, తడ వైపు ఎంత వాన కురిసిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో సరస్సు మీదికి వెళ్లే ఆలోచనే పెట్టుకోకూడదు. ఆ వానలతో నిండిన సరస్సు జనవరికి నిండుగా, నిమ్మళంగా ఉంటుంది, దూరదేశాల నుంచి వచ్చిన పక్షులు కూడా అప్పటికి అక్కడే ఉంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు లాగేస్తాయి. పులికాట్ పేరుకు పెద్ద సరస్సే, ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే సరస్సుల్లో ఇదే పెద్దది, కానీ లోతు మాత్రం చాలా చోట్ల మనిషి నడుము దాకా కూడా ఉండదు. సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయని రాయదొరువు వైపు మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది ఇందుకే. సముద్రపు నీళ్లు లోపలికి రాకపోతే ఎండాకాలంలో ఉత్తరం వైపు ఎండిపోయి నేల తేలుతుంది, చేపా ఉండదు, పడవా కదలదు. మీరు షికారుకు వెళ్లే నీళ్లే వాళ్లకు బతుకుతెరువు, ఈ సంగతి మనసులో పెట్టుకుని పడవెక్కండి.

సంక్రాంతి మూడు రోజులు, ముఖ్యంగా కనుమ నాడు, వెళ్లొద్దని నా సలహా. జనం విపరీతంగా వస్తారు, పడవలు కిక్కిరిసిపోతాయి. ఫ్లెమింగో పండుగ రోజుల్లో కూడా ఇంతే రద్దీ, 2025లో జనవరి 18, 19, 20 తేదీల్లో జరిగింది, ఇరకం పడవలెక్కే రేవు బీవీపాళెంలో బోటు షికారు కూడా అందులో భాగమే. పండుగ చూడాలనుంటే పండుగకే వెళ్లండి, దీవికి ఇంకో రోజు పెట్టుకోండి. మామూలు రోజుల్లో మంగళవారమో బుధవారమో హాయి. షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, ప్రయోగం ఉందేమో కూడా ముందు రోజు పేపర్లో చూసుకోండి, ప్రయోగం రోజు సూళ్లూరుపేట చుట్టుపక్కల బండ్లూ, తనిఖీలూ ఎక్కువగా ఉంటాయి.

దారి

కారో బైకో ఉంటే నాకు నచ్చిన దారి శ్రీకాళహస్తి మీదుగా బుచ్చినాయుడుకండ్రిగ, వరదయ్యపాళెం, అక్కడి నుంచి తడ. చెట్లూ చెరువులూ చూస్తూ పోవచ్చు, పొద్దున పూట మంచుంటుంది కాబట్టి నెమ్మదిగా నడపండి. పెద్ద రోడ్డే కావాలంటే నాయుడుపేట వెళ్లి అక్కడ చెన్నై హైవే పట్టుకుని సూళ్లూరుపేట మీదుగా తడకు దిగొచ్చు, కాస్త చుట్టు, టోల్ కట్టాలి, కానీ కొత్తగా కారు నేర్చుకున్నవాళ్లకు ఇదే సులువు.

బస్సులో అయితే తిరుపతి నుంచి సూళ్లూరుపేట, అక్కడి నుంచి తడకు ఇంకో బస్సో ఆటోనో. ఆడవాళ్లు ఆధార్ కార్డు మర్చిపోవద్దు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు అక్కర్లేదు. కానీ చెన్నై వెళ్లే బస్సు ఎక్కితే ఈ సౌకర్యం వర్తించదు, అది రాష్ట్రం దాటే బస్సు. రైలు నేను చెప్పను. సూళ్లూరుపేట, తడ రెండూ చెన్నై–గూడూరు లైన్లో ఉన్నాయి, తిరుపతి నుంచి వచ్చేవాళ్లు గూడూరు దాకా పోయి బండి మారి మళ్లీ కిందికి రావాలి, పొద్దంతా అందులోనే పోతుంది.

రేవు పేరు దగ్గర చాలామంది తికమకపడతారు. రేవు ఉన్నది భీములవారిపాళెంలో, అందరూ బీవీపాళెం అంటారు. అదే పేరుతో హైవే మీద లారీలు ఆగే చెక్‌పోస్టు కూడా ఉంది. ఆటో ఆయనకు ఉత్తినే బీవీపాళెం అంటే చెక్‌పోస్టు దగ్గర దింపేయొచ్చు, కాబట్టి "ఇరకం వెళ్లే పడవల రేవు" అని పూర్తిగా చెప్పండి. సరస్సు హైవేకి తూర్పు వైపు, అదొక్కటి గుర్తుంటే దారి తప్పరు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

సద్ది ఇంటి నుంచే కట్టుకెళ్లండి. దీవిలో హోటల్ దొరుకుతుందిలే అనే ధీమాతో పిల్లల్ని తీసుకెళ్లొద్దు. చింతపండు పులిహోర, పెరుగన్నం, ఉడకబెట్టిన చెనిక్కాయలు, నాలుగు అరటిపండ్లు, ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. పెరుగన్నంలో పొద్దున పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపితే మధ్యాహ్నానికి పులవదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పకుండా ఉండాలి, చుట్టూ నీళ్లే గానీ గుక్కెడు కూడా తాగలేం. టోపీ, తువ్వాలు కావాలి, పడవలో నీడ ఉండదు, నీటి మీద ఎండ కింద నుంచి కూడా కొడుతుంది. ఫోన్లు, తాళాలు, మందులు వేసుకోవడానికి గట్టి ప్లాస్టిక్ కవరొకటి. అన్నిటికంటే ముందు చెప్పుల సంగతి: హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి, రేవు దగ్గర బురద ఉంటే హవాయి చెప్పు బురదలో ఉండిపోయి కాలు మాత్రం పైకి వస్తుంది. చీర కట్టుకునే పెద్దవాళ్లకు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమని ముందే చెప్పండి, చున్నీ అయితే నడుముకు కట్టేసుకోవాలి. చిల్లర నోట్లు పెట్టుకోండి, ఫోన్‌పే మీద ఆధారపడకండి, సిగ్నల్ ఎక్కడ ఉంటుందో ఎక్కడ పోతుందో చెప్పలేం.

ఇంకొకటి, ఎవరూ రాయరు గానీ ఆడవాళ్లందరికీ ముందు ఇదే బెంగ: బాత్రూమ్. సూళ్లూరుపేటలోనో, తడలోనో టిఫిన్ తినే హోటల్లో అందరూ వెళ్లి వచ్చాకే రేవుకు కదలండి. దీనికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసి, ఎండకు తలనొప్పి తెచ్చుకున్న వాళ్లను చూశాను.

పడవ దగ్గర

ఇక్కడ తొందరపడొద్దు. టికెట్, బేరం మాట్లాడే ముందే తిరుగు పడవ ఎన్నింటికో, అదే చివరిదో కాదో, ఇదే పడవ వస్తుందో వేరేది వస్తుందో అడగండి. పడవాయన ఫోన్ నంబరు తీసుకోండి, మీ నంబరు ఆయనకు ఇవ్వండి, మీరు ఎంతమందో చెప్పండి. మాట్లాడుకున్న పడవ అయితే రాను పోను కలిపి ఎంతో ముందే తేల్చుకోండి, ఆ డబ్బులో కొంత తిరిగొచ్చాకే ఇస్తామని మర్యాదగా చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. ఊరివాళ్ల పడవలో వెళ్తుంటే అందులో బియ్యం మూటలు, కూరగాయలు, ఒక్కోసారి బైకులు కూడా ఎక్కుతాయి. అది వాళ్ల బస్సు, మనం అందులో అతిథులం. వాళ్లు కూర్చున్నాకే కూర్చోండి.

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. 2011 డిసెంబరు 25న ఇదే పులికాట్ తమిళనాడు వైపు, పళవేర్కాడు దగ్గర, క్రిస్మస్ రోజు షికారుకు వెళ్లిన పడవ బోల్తా పడి 22 మంది చనిపోయారు, అందరూ బంధువులు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనందరికీ తెలుసు. లోతు తక్కువ కదా అనుకోకండి, అడుగున బురదలో కాలు దిగబడితే నడుము లోతు కూడా ప్రమాదమే, చిన్నపిల్లలకైతే అదే నిలువు లోతు. ఒకసారి మేం ఎక్కిన పడవలో జాకెట్లు ఉన్నాయి గానీ ఒక మూల కట్ట కట్టి ఉన్నాయి, "ఏం కాదులే సార్" అన్నారు. మా అక్క అందరి ముందూ "అన్నా, ఇవి ఇస్తేనే ఎక్కుతాం" అంది, ఇచ్చారు. అలా అడగడానికి మీ ఇంట్లో ఒక మనిషి ఉండాలి, లేకపోతే మీరే ఆ మనిషి అవ్వండి. ఒడ్డు మీదే వేసుకుని, బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, జాకెట్ చెవుల దాకా లేచిపోతే అది వదులని అర్థం, బిగించాలి. పెద్దవాళ్ల జాకెట్ పసిపిల్లలకు వేస్తే లోపల నుంచి జారిపోతారు, పిల్లల సైజు లేకపోతే ఆ రోజు పిల్లలతో ఎక్కకపోవడమే నయం. జనం ఎక్కువైతే ఆ పడవ వదిలేయండి. పడవలో ఎవరూ నిలబడకూడదు, పక్షులు కనిపించాయని అందరూ ఒకే వైపుకు జరగకూడదు. వాంతి వచ్చేలా ఉంటే కింద చూడకుండా దూరంగా ఒడ్డును చూస్తూ కూర్చోమనండి, ఫోన్ చూసేవాళ్లకే ముందు తిప్పుతుంది.

ఎండలు ముదిరే కొద్దీ మధ్యాహ్నం తర్వాత సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు సాయంత్రానికి అలలేస్తాయి. తిరుగు ప్రయాణం తొందరగా పెట్టుకోమనడానికి ఇది రెండో కారణం. ఒకవేళ పొద్దునే గాలి ఎక్కువగా ఉండి, పడవాయన "ఈ రోజు వద్దండీ" అంటే ఇక మాట్లాడకండి, బతిమాలకండి. ఆయనకు ఆ నీళ్లు మనకు అలిపిరి మెట్లంత తెలిసినవి.

పక్షులు

పడవలో వెళ్తుంటే నీళ్ల చివర తెల్లగా, కాస్త గులాబీ రంగుగా ఒక గీత కనిపిస్తుంది, మొదట నురుగనుకుంటారు. అవే ఫ్లెమింగోలు. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి బురదనీళ్లు వడగట్టుకుని తింటాయి, అవి తినే నాచు, చిన్న జీవుల వల్లే వాటికి ఆ రంగు. దగ్గరికి పోనియ్యమని పడవాయన్ని ఒత్తిడి చేయొద్దు. ఫొటో కోసం ఒక్కసారి ఇంజన్ మోతతో లేపితే గుంపు మొత్తం మేత వదిలేసి లేస్తుంది, అంత దూరం ఎగిరొచ్చిన పక్షికి అది చాలా పెద్ద నష్టం. ఒక బైనాక్యులర్ అప్పు తెచ్చుకోండి, చాలు. డ్రోన్ జోలికి అసలు పోవద్దు, ఇది పక్షుల అభయారణ్యం, పైగా పక్కనే షార్.

దీవిలో

చూడ్డానికి టికెట్ పెట్టిన చోట్లేమీ ఉండవు, ఆ ఊరే చూడాల్సింది. వలలు ఆరేసుకున్న ఇళ్లు, ఒడ్డున బోర్లించిన పడవలు, తమిళం కలిసిన తెలుగు. ఒక చెట్టు నీడ చూసుకుని సద్ది విప్పండి. ఎవరి వాకిట్లోనైనా కూర్చోవాలంటే అడిగి కూర్చోండి, "కాసేపు నీడకు కూర్చుంటామమ్మా" అంటే కాదనేవాళ్లు తక్కువ. బోరింగు దగ్గర ఆడవాళ్లను, బడి దగ్గర పిల్లలను అడగకుండా ఫొటోలు తీయొద్దు. మందు తీసుకెళ్లొద్దు, ఇది బతిమాలుకుని చెబుతున్నా, మీలాంటి ఒక్క గుంపు తాగి గోల చేస్తే తర్వాత వచ్చే కుటుంబాలన్నిటినీ ఆ ఊరు అనుమానంగా చూస్తుంది. తిన్న ఆకులు, కవర్లు, సీసాలు మళ్లీ మీ సంచిలోనే రావాలి, అక్కడ చెత్త బండి రాదు, మీరు పారేసింది గాలికి సరస్సులోకే పోతుంది. రొయ్యలో, ఎండ్రకాయలో అమ్మితే కొనుక్కోండి, బేరం మరీ ఎక్కువ ఆడొద్దు. తడలో ఐసు వేయించుకుని థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుంటే ఇంటికి చేరేదాకా పాడవవు.

రెండింటికి ఫోన్లో అలారం పెట్టుకోండి. నవ్వకండి, నేను ప్రతిసారీ పెడతాను.

పడవ లేకపోతే

ఆ రోజు పడవ కుదరకపోతే వెనక్కి తిరిగి ఇంటికి పోనక్కర్లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, అటకానితిప్ప దాకా వెళ్తే రోడ్డు మీద నుంచే పక్షుల్ని చూడొచ్చు, బండి పూర్తిగా పక్కకు తీసి ఆపండి. లేదా దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. 1976లో అభయారణ్యం చేశారు, చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి, వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని చుట్టుపక్కల రైతులు ఆ పక్షుల్ని ఇంటి మనుషుల్లా చూసుకుంటారు. పిల్లలకు నాకు తెలిసి దీవి కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది, గూళ్లూ పిల్లలూ కళ్ల ముందే కనిపిస్తాయి కాబట్టి. వరదయ్యపాళెం దగ్గరి ఉబ్బలమడుగు జలపాతాన్ని మాత్రం దీవితో కలిపి ఒకే రోజులో పెట్టుకోవద్దు. అక్కడ అడవిలో చాలా దూరం నడవాలి, మడుగులు లోతు, అలసిపోయి దిగితే ప్రమాదం.

అన్నీ అనుకున్నట్టు జరిగి నాలుగున్నర, ఐదుకు తడ ఒడ్డున ఉంటే ముందు పడవాయనకు మిగిలిన డబ్బు ఇచ్చి, ఆయన నంబరు పక్కన "ఇరకం పడవ" అని రాసి దాచుకోండి. టీ తాగి, కాళ్లు కడుక్కుని, ఓపికుంటే సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మను చూసుకుని రండి, రాకెట్ వదిలే ముందు ఇస్రో వాళ్లు కూడా వచ్చి మొక్కే తల్లి. ఎండలో రోజంతా ఉన్నాక కారు నడిపేవాళ్లకు శ్రీకాళహస్తి దాటేసరికి నిద్ర ముంచుకొస్తుంది, అక్కడ పది నిమిషాలు ఆగి ముఖం కడుక్కోండి, పక్క సీట్లో ఉన్నవాళ్లు నిద్రపోకుండా మాట్లాడుతూ ఉండండి. ఎనిమిదిన్నరకు రేణిగుంట దాటితే మీ లెక్క సరిగ్గా కుదిరినట్టే.